పాప లెక్కలకి ట్యూటర్ని పెట్టేముందు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మావారి ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చాం. పాప అక్కడ ఏడో తరగతి దాకా లెక్కల్లో ఫస్టు. ఇక్కడ ఎనిమిదో గ్రేడులో, బీజగణితం మొదటి కోర్సైన ఆల్జీబ్రా వన్‌లో వేశారు. రోజూ హోంవర్కు దగ్గర ఏడుపే. తెలిసినవాళ్ళు ట్యూటర్ని పెట్టమంటున్నారు, గంటకి 50 డాలర్లట. మా నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. వీడియోలో చెబుతానంటారు గానీ కుదరడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు డబ్బు లెక్క. గంటకి 50 చొప్పున వారానికి రెండు గంటలంటే నెలకి 400. బడి నడిచేది పది నెలలు. మొత్తం 4000 డాలర్లు. మనవాళ్ళు ఈ గుణకారం చెయ్యకుండానే మొదటి చెక్కు రాసిచ్చేస్తారు. పిల్ల ఎక్కడ తడబడుతోందో చెప్పకుండా ట్యూటరు చేతిలో పెడితే, అతను మొదటి నెలంతా అది కనిపెట్టడంలోనే గడిపేస్తాడు. ఆ 400 డాలర్ల పని మీరు ఒక శనివారం పొద్దున వంటింటి బల్ల మీద చెయ్యగలరు.

గత మూడు వారాల హోంవర్కు కాగితాలు బయటికి తియ్యండి. టీచరు తప్పు పెట్టిన లెక్కల్ని మూడు గుట్టలు చెయ్యండి. ప్రశ్న అర్థంకాక వదిలేసినవి ఒకటి. జవాబు సరిగా వచ్చినా మార్కులు పోయినవి ఇంకొకటి. నిజంగా చెయ్యడం రానివి మూడోది. మన దగ్గర్నించి వచ్చిన పిల్లలకి సాధారణంగా ఈ మూడో గుట్టే అన్నింటికన్నా చిన్నది. అది చూశాక మీకే సగం భయం పోతుంది.

మొదటి గుట్టలో ఎక్కువగా నాణేలూ కొలతలూ ఉంటాయి. నికెల్ అంటే 5 సెంట్లు, డైమ్ 10, క్వార్టర్ 25. ఈ సంగతి ఇక్కడి పిల్లలకి చిన్న గ్రేడుల్లోనే వచ్చేస్తుంది కనక ప్రశ్నలో చెప్పరు. 'నికెళ్ళూ డైములూ కలిపి 23, విలువ 2 డాలర్ల 5 సెంట్లు, ఏవి ఎన్ని' అని అడిగితే మన పిల్లకి సమీకరణం వచ్చు గానీ, దాన్లో ఏ అంకె వెయ్యాలో తెలీదు. అన్నీ నికెళ్ళే అనుకుంటే 115 సెంట్లు. ఉండాల్సింది 205. తేడా 90. ఒక్కో నికెల్ స్థానంలో డైమ్ పెడితే 5 పెరుగుతుంది. కాబట్టి డైములు 18, నికెళ్ళు 5. సరిచూస్తే 180, 25 కలిపి 205. అలాగే అడుగుకి 12 అంగుళాలు, గజానికి 3 అడుగులు, మైలుకి 5280 అడుగులు. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, వారంలో నోటికొస్తాయి. రేటు లెక్కలు మాత్రం మొదట మన సరుకుతోనే చెప్పండి. ఎకరాకి 40 బస్తాలు, బస్తా 75 కిలోలు, మూడున్నర ఎకరాల పంట ఎన్ని కిలోలు? 10,500 అని పిల్ల తడుముకోకుండా చెబుతుంది. తరవాత అదే లెక్కని గ్యాలన్లూ మైళ్ళలో పెట్టండి.

ఇక రెండో గుట్ట. ఇక్కడే ఎక్కువ ఇళ్ళల్లో గొడవలు. 'ఇదేం పద్ధతి, మన పద్ధతిలో చెయ్యి' అని తల్లో తండ్రో కొట్టేసి రాయిస్తారు. మర్నాడు మార్కు పోతుంది. ప్రశ్నలో ఫలానా పద్ధతిలో చెయ్యమని ఉంటే, మార్కు ఆ పద్ధతికే గానీ జవాబుకి కాదు. చిన్న గ్రేడుల్లో 23ని 14తో గుణించాలంటే ఏరియా మోడల్ గీయిస్తారు. ఒక డబ్బా గీసి ఒక పక్క 20, 3, ఇంకో పక్క 10, 4 రాస్తే లోపల నాలుగు గళ్ళు. 200, 80, 30, 12. కూడితే 322. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది గానీ, తరవాత ఆల్జీబ్రాలో రెండు బ్రాకెట్లని గుణించేది సరిగ్గా ఈ నాలుగు గళ్ళతోనే. ఈ గళ్ళు రాని పిల్ల అక్కడ మధ్యలో ఒక పదం వదిలేస్తుంది.

పేర్లు కూడా మారతాయి. మన పుస్తకంలో సరళరేఖకి వై = ఎమ్ఎక్స్ + సి. ఇక్కడ సి బదులు బి రాస్తారు. మన గ.సా.భా.ని ఇక్కడ జీసీఎఫ్ అంటారు. మన ట్రెపీజియం ఇక్కడ ట్రెపిజాయిడ్. లెక్కలో ఏది ముందు చెయ్యాలో గుర్తుపెట్టుకునే మన బోడ్మాస్ పోయి పెమ్డాస్ వస్తుంది. ఈ చివరిదాంతో జాగ్రత్త. బోడ్మాస్ పిల్లలు భాగహారం ముందంటారు, పెమ్డాస్ పిల్లలు గుణకారం ముందంటారు. ఇద్దరిదీ పొరపాటే. రెండింటిదీ ఒకటే అంతస్తు, ఎడమనించి కుడికి ఏది ముందొస్తే అది చెయ్యాలి. 24 ÷ 4 × 2 అంటే 12, 3 కాదు. కూడికా తీసివేతా కూడా అంతే. 10 − 4 + 3 అంటే 9. లక్షల దగ్గర కామా సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. 1,00,000 రాస్తే ఇక్కడ టీచరు తప్పు కామా అనుకుంటుంది.

మూడో గుట్టలో మిగిలేవే అసలు చిక్కు లెక్కలు. వీటిలో చాలా వాటికి ఉచ్చు ఒక్కచోటే ఉంటుంది. రాజమండ్రి నించి కాకినాడ 60 కిలోమీటర్లనుకోండి. వెళ్ళేటప్పుడు గంటకి 60, వచ్చేటప్పుడు గంటకి 40. సగటు వేగం ఎంత? 50 అంటుంది పిల్ల. వెళ్ళడానికి గంట, రావడానికి గంటన్నర, మొత్తం 120 కిలోమీటర్లకి రెండున్నర గంటలు, అంటే 48. నెమ్మదిగా నడిచిన దారిలో ఎక్కువసేపు ఉన్నాం కనక సగటు అటే లాగుతుంది. ఈ కారణం చెప్పకుండా సూత్రం బట్టీ పట్టిస్తే, పడవ ఎదురీత లెక్క వచ్చిన రోజున మళ్ళీ ఏడుపే. ఇంకోటి, 20 శాతం తగ్గించాక చొక్కా 48 డాలర్లు, అసలు ధర ఎంత? 48కి 20 శాతం కలిపితే 57.60 వస్తుంది, అది తప్పు. తగ్గించింది అసలు ధర మీద కాబట్టి 48 అంటే అందులో 80 శాతం. 48ని 0.8తో భాగిస్తే 60. ఈ లెక్క మాత్రం మీక్కూడా వచ్చి తీరాలి. దుకాణాల్లో సేల్ బోర్డులు చూసి మోసపోకుండా ఉంటారు.

డబ్బు ఇవ్వక్కర్లేని సాయం చాలా ఉంది, మనవాళ్ళు ముందు అడగరు గానీ. అన్నింటికన్నా ముందు టీచరు. బడికి ముందో తరవాతో అదనపు సాయం ఇచ్చే వేళలు చాలాచోట్ల ఉంటాయి. పాప చేతే ఈమెయిల్ రాయించండి. 'నాకు అర్థం కాలేదు' అని రాస్తే టీచరుకి ఏమీ తెలీదు. పేజీ, లెక్క నంబరు, మూడో లైను దాకా ఏం చేసిందో ఫొటో, ఆ తరవాత ఎందుకు ఆగిందో ఒక వాక్యం. ఇలా అడిగిన పిల్లకి పది నిమిషాల్లో పని అయిపోతుంది. అడిగితే పిల్లని తక్కువ క్లాసులో వేస్తారేమోనని భయపడేవాళ్ళు మనలో చాలామంది. అదేం జరగదు, అడగని పిల్లే వెనకబడుతుంది.

తరవాత మీ ఊరి లైబ్రరీ కార్డు. ఇంటి లీజు కాగితమో కరెంటు బిల్లో చూపిస్తే ఊరివాళ్ళకి ఉచితంగా ఇస్తారు. చాలా లైబ్రరీలు ఆ కార్డు నంబరుతో సాయంత్రాలు ఆన్‌లైన్లో మనిషి ట్యూటర్ని కూడా ఇస్తాయి. వేళలు ఆ లైబ్రరీ పేజీలో చూసుకోండి. పాఠం మళ్ళీ వినాలంటే ఖాన్ అకాడమీ, గ్రాఫు చూడాలంటే డెస్మాస్, జామెట్రీకి జియోజీబ్రా. ఈ మూడు వెబ్‌సైట్లూ ఉచితమే. ట్యూటరుకి డాలరు ఇవ్వకుండా పిల్లల్ని కాలేజీ దాకా తెచ్చుకున్న మనవాళ్ళ ఇళ్ళల్లో నడిచింది వీటితోనే.

ఫోనుతో ఫొటో తీస్తే జవాబిచ్చే యాప్‌లూ, అడిగితే మెట్లు రాసిచ్చే ఛాట్‌బాట్లూ ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ ఉన్నాయి. వద్దనడం కుదరదు, వాడే పద్ధతి నేర్పాలి. పిల్ల చేతిరాతలో 1/2ఎక్స్ అని ఉంటే, అది సగం ఎక్స్ అనా, 2ఎక్స్ కింద ఒకటి అనా అన్నది యాప్‌కి తెలీదు, తనకి తోచినట్టు తీసుకుంటుంది. −3² అని కొడితే −9 వస్తుంది, బ్రాకెట్టు పెట్టి (−3)² అంటేనే 9. డెస్మాస్ మొదట్లో కోణాల్ని డిగ్రీల్లో కాక రేడియన్లనే ఇంకో కొలతలో తీసుకుంటుంది. సైన్ 30 కొడితే అర రావాల్సింది −0.988 వస్తుంది. సెట్టింగుల్లో డిగ్రీలకి మార్చాలి. పై గ్రేడుల్లో వర్గమూలం లోపల ఎక్స్ ఉండే సమీకరణాలొస్తాయి. √(ఎక్స్ + 6) = ఎక్స్ అన్నదాన్ని రెండువైపులా వర్గం చేస్తే 3, −2 అని రెండు జవాబులు. −2ని వెనక్కి పెట్టి చూస్తే ఎడమ 2, కుడి −2. అది చెల్లదు. ఛాట్‌బాటు ఎంత ధీమాగా రాసినా మధ్య లైనులో కూడిక తప్పొచ్చు. వచ్చిన జవాబుని అసలు ప్రశ్నలో పెట్టి చూడనిదే రాసుకోవద్దని చెప్పండి. అడగడం కూడా ఇలా: 'జవాబు చెప్పొద్దు. నేను చేసిన రెండో లైనులో తప్పుందా అన్నది మాత్రం చెప్పు.' అలా అడిగితే ఉపయోగం, లేకపోతే నకలే. నకలు పట్టుబడితే సున్నా, రికార్డులో మచ్చ. బడి నియమాలు వాళ్ళ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, చదువుకోండి.

ఇప్పుడు తాతగారి సంగతి. కుదరకపోవడానికి కారణం గడియారం. మన దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. న్యూజెర్సీ టైముకి ఆధారం 75 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 157.5, గంటకి 15 డిగ్రీల చొప్పున భాగిస్తే పదిన్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నించి నవంబరు మొదటి ఆదివారం దాకా ఇక్కడ గడియారం గంట ముందుకి జరుపుతారు కనక తొమ్మిదిన్నర. పాప సాయంత్రం 7కి హోంవర్కు తీస్తే తాతగారికి వేసవిలో తెల్లవారుజామున 4:30, చలికాలంలో 5:30. పెద్దాయన్ని రోజూ ఆ వేళకి లేపకండి. శని, ఆదివారాలు మీకు పొద్దున 9 అంటే ఆయనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అది ఇద్దరికీ సుఖం. వారంలో మిగిలిన చిక్కు లెక్కలు ఒక పక్కన రాసుంచి అప్పుడు అడగాలి. ఈ డిగ్రీల లెక్కనే మొదటి పాఠంగా చెప్పమనండి.

క్లాసుకి ముందురోజే టీచరు నోట్సు ఒక పేజీ తాతగారికి పంపండి. లేకపోతే ఆయన క్రాస్ గుణకారంతో రెండు లైన్లలో ముగిస్తారు, పాపకి రెండో గుట్ట పెరుగుతుంది. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, ఘాతాంకాలు కనబడవు. డాక్యుమెంటుగా పంపండి. ఆయన ఫోను నిలువుగా మొహానికి కాకుండా, రెండు పుస్తకాల దొంతరల మధ్య స్కేలు వేసి దాని మీద పడుకోబెడితే కెమెరా కాగితాన్ని చూస్తుంది. సన్న బాల్ పెన్ను కనబడదు, స్కెచ్ పెన్ను వాడమనండి. జూమ్‌లో డబ్బు కట్టని ఖాతాకి 40 నిమిషాలే. వాట్సాప్ వీడియోకి ఆ గొడవ లేదు.

తాతగారికి ఓపిక లేకపోతే భీమవరం, అమలాపురం వైపు వీడియోలో చెప్పే కుర్ర మాస్టార్లున్నారు. రూపాయల్లో తీసుకుంటారు. ఒక్క క్లాసు చూడకుండా ఆరు నెలల ఫీజు ముందు కట్టకండి, నెలనెలా ఇవ్వండి. ఆ మొదటి క్లాసులో మూడో గుట్టలోంచి ఒక లెక్క ఇచ్చి, తనే చేసేస్తున్నాడా, పాప చేత చేయిస్తున్నాడా చూడండి. తనే చేసేసేవాడికి ఇచ్చే డబ్బు యూట్యూబ్‌కి ఇచ్చినట్టే, అది ఊరికే దొరుకుతుంది. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం ఆ వైపు ఎవరూ ఫోనెత్తరు.

ఇక్కడి 50 డాలర్ల ట్యూటరు ఎప్పుడు పనికొస్తాడు? మూడు నెలలు పైవన్నీ చేశాక కూడా మూడో గుట్ట తగ్గకపోతే, ఏ అధ్యాయంలో ఆగిందో ఆ ఒక్క అధ్యాయానికి, నాలుగు గంటలకి మాట్లాడుకోండి. 200తో పోతుంది. నెలవారీ ఒప్పందాల మీద సంతకం పెట్టొద్దు.

ఇంకొకటి, ఎవరో గ్రాఫింగ్ క్యాలిక్యులేటరు కొనమంటారు. కొత్తది సాధారణంగా వంద డాలర్లు దాటుతుంది. ఆల్జీబ్రా వన్‌కి తప్పనిసరా అని ముందు టీచర్ని అడగండి. చాలా బడులు ఏడాదికి అప్పుగా ఇస్తాయి. 2024 నించి ఇక్కడ కాలేజీ ప్రవేశాలకి రాసే ఎస్ఏటీ పరీక్ష కంప్యూటర్ మీదే, తెరలోనే డెస్మాస్ ఉంటుంది. కొనక తప్పకపోతే వేసవి సెలవుల మొదట్లో, పన్నెండో గ్రేడు అయిపోయిన పిల్లలు అమ్మేటప్పుడు, పాతది తీసుకోండి. కొనేముందు బ్యాటరీ మూత విప్పి లోపల పచ్చగా చిలుం పట్టిందేమో చూడండి.