ప్రార్థించినా బాధ తీరనప్పుడు దేవుణ్ణి ఎలా నమ్ముకోవాలి?

చాలాకాలంగా అనారోగ్యంతో ఉన్నారని, ఉపవాస ప్రార్థనలు చేసినా నెమ్మది దొరకలేదని, మీ విశ్వాసం చాలకనే ఇలా జరుగుతోందని సంఘంలో కొందరు అన్నారని రాశారు. మా తమ్ముడు మూత్రపిండాల వ్యాధితో మంచం పట్టి, సంఘమంతా కన్నీటితో ప్రార్థించినా చివరికి ప్రభువునందు నిద్రించినప్పుడు మా ఇంటికీ అదే మాట వచ్చింది కాబట్టి, ముందుగా దాని గురించే చెబుతాను. దయచేసి ఆ నిందను మోయకండి. బైబిల్లోని యోబు గ్రంథంలో, నీతిమంతుడైన యోబు బాధకు అతని పాపమే కారణమని ముగ్గురు స్నేహితులు వాదించారు. గ్రంథం చివర, 42వ అధ్యాయంలో, దేవుడు కోపగించినది వారి మీదనే. తాను పుట్టిన దినాన్ని శపించి, దేవుణ్ణే నిలదీసిన యోబు దేవుని గురించి యుక్తమైనది పలికాడని ఆయనే అన్నాడు.

తమ్ముడు పోయిన తరువాత నాకు సొంత మాటలతో ప్రార్థన రాలేదు, ఆరాధనలో స్తుతి పాటలకు నోరు పెగలలేదు. మా సంఘ పెద్ద ఒకాయన అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏ బోధా చేయకుండా, 13వ కీర్తనో 88వ కీర్తనో చదివి వెళ్లేవారు. విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తుతివైపు తిరుగుతాయి గానీ, 88వ కీర్తన చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది. అయినా దానిని రాసిన హేమాను మొదటి వచనంలోనే దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలిచి, ఆ తరువాతి మొఱ్ఱ అంతా ఆయనకే వినిపించాడు. దుఃఖం తగ్గకపోయినా, కోపం చల్లారకపోయినా, ఆ రెండింటినీ ఆయన దగ్గరికే తీసుకువెళ్లడం కూడా విశ్వాసమేనని నేను అక్కడ గ్రహించాను. నా ప్రశ్నకు ఈనాటికీ జవాబు రాలేదు. కానీ సిలువకు ముందు గెత్సేమనే తోటలో శ్రమల గిన్నె తొలగించమని వేడుకొని, దానిని తాగవలసి వచ్చిన ప్రభువుకు నా వేదన పరాయిది కాదు. నేను ఆయనను విడిచి వెళ్లలేకపోవడానికి అదే ముఖ్య కారణం. పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న మాట వచ్చింది. ఆ మాటను బాధలో ఉన్నవారికి తొందరపడి అప్పగించకూడదు. అది వేడుకున్న తరువాత పౌలుకు ప్రభువే చెప్పిన మాట.

ఇక నిరుత్సాహపడడం పాపమా అని కూడా అడిగారు. కాదనే నా నమ్మకం. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు; నిద్రపోనిచ్చి, దూత చేత రెండుసార్లు భోజనం పెట్టించి, అతని శక్తికి మించిన ప్రయాణం ముందున్నదని చెప్పించాడు. 1856లో లండన్‌లో పేరుపొందిన బోధకుడు చార్లెస్ స్పర్జన్ ప్రసంగిస్తున్న సభలో ఎవరో నిప్పంటుకున్నదని కేక వేయగా, తొక్కిసలాటలో 7 మంది చనిపోయారు. అప్పటికి 22 ఏళ్లవాడైన ఆయన ఆ దెబ్బకు కుంగిపోయాడు. తరువాత కూడా జీవితమంతా మనోవేదన ఆయనను వెంటాడింది, దానిని ఆయన తన ప్రసంగాలలో దాచుకోలేదు. ఆయన విశ్వాసం లేనివాడని ఎవరనగలరు?

ప్రస్తుతానికి పెద్ద ప్రార్థనలు చేయలేకపోతే ఒక కీర్తనను పైకి చదవండి, అంతే చాలు. మీకు ఉపదేశం చేయకుండా పక్కన కూర్చోగలిగిన ఒక్క విశ్వాసిని రమ్మని అడగండి. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఈ రోజే వైద్యుణ్ణి కలవండి, ఇంట్లోవారికి కూడా చెప్పండి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే; వైద్యం చేయించుకోవడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదు.