ఫోల్డింగ్ సైకిళ్ళు రెండు వద్దు, ఒకటి చాలు

ప్రశ్న: వచ్చే మే నెలలో నేనూ మా వారూ 18 రోజులు నెదర్లాండ్స్ వెళ్దామనుకుంటున్నాం. బస్సు టూర్లు కాకుండా సైకిళ్ళ మీద తిరగాలన్నది ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక. మోటారు ఉన్న ఫోల్డింగ్ సైకిళ్ళు రెండు కొని విమానంలో వెంట తీసుకెళ్దామని ఆయన అంటున్నారు. అక్కడే అద్దెకి తీసుకుంటే సరిపోతుంది కదా అని నేను. కొనాలంటే అత్యవసర నిధిలో చెయ్యి పెట్టాలి, లేకపోతే ఈఎంఐ. మోటారు లేనిదైనా, ఒక్కో సైకిల్ ధర అక్కడి 70 రోజుల అద్దెతో సమానం అవుతోంది. తిరిగొచ్చాక ఆయన ఆఫీసుకి వాడుకుంటానంటున్నారు. రైలు దిగాక 3 కిలోమీటర్లు, రోజూ క్యాబ్‌లో వెళ్తారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మోటారు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది డబ్బుతో పనిలేకుండానే తేలిపోతుంది. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాటిన లిథియం బ్యాటరీని చేతి సామానులోనూ, లగేజీలోనూ ఒప్పుకోరు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. బ్యాటరీ మీద రాసిన వోల్టులని ఆంపియర్ అవర్స్‌తో గుణిస్తే వాట్ అవర్స్ వస్తాయి. 36 వోల్టులు, 7 ఆంపియర్ అవర్స్ ఉన్న చిన్న బ్యాటరీకే 252 వస్తుంది. అంత డబ్బు పోసి కొన్న బ్యాటరీ ఇంట్లోనే ఉండిపోతుంది. పైగా నెదర్లాండ్స్ చాలావరకు చదునైన నేల. కష్టపెట్టేది ఎదురుగాలి. అది గట్టిగా ఉన్న రోజు సైకిల్ మడిచి రైలెక్కెయ్యొచ్చు.

ఇక అసలు లెక్క. మీరు ధరని అద్దె రోజుల్లో చెప్పడం నాకు చాలా నచ్చింది, అదే కొలత వాడతాను. ఇద్దరూ 18 రోజులు అద్దెకి తీసుకుంటే 36 రోజుల అద్దె. వారానికో, రెండు వారాలకో మాట్లాడుకుంటే చాలా చోట్ల ఇంకా తగ్గిస్తారు. రెండూ కొంటే 140. తిరిగొచ్చాక అమ్మితే సగం ధర వస్తుందనుకున్నా, మీ జేబులోంచి పోయేది 70. అంటే కేవలం ఈ ట్రిప్ కోసమే అయితే కొనడానికి దాదాపు రెట్టింపు ఖర్చు. ఇక్కడిదాకా మీ మాటే నిజం.

అయితే మీ వారి 3 కిలోమీటర్లు ఈ లెక్కని మార్చేస్తాయి. ఒక్కటి కొని, మీకు మాత్రం అక్కడ అద్దెకి తీసుకుంటే, సైకిల్ ధరలో పోయే సగం 35, మీ అద్దె 18 కలిపి 53. ఇద్దరికీ అద్దె కంటే 17 ఎక్కువ. ఏడాదిలో 200 పని రోజులు వేసుకోండి. క్యాబ్ మానేయడం వల్ల రోజుకి ఒక రోజు అద్దెలో పదో వంతు మిగిలినా, ఏడాది తిరిగేసరికి 20 వస్తుంది. ఆ 17 అక్కడే పూడిపోయింది. మీరు రోజూ సైకిల్ వాడతానని ఎక్కడా రాయలేదు, అందుకే రెండోది వద్దంటున్నాను. ట్రిప్ అయ్యాక మూల పడి ఉండే సైకిల్ ఎంత తక్కువకి దొరికినా ఖరీదైనదే.

ఆ ఒక్కటి కొనేటప్పుడు ధర కంటే ముందు చక్రం సైజు అడగండి. చాలా ఎయిర్‌లైన్స్ లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు పరిమితి పెడతాయి. 16 అంగుళాల చక్రాలుండే బ్రాంప్టన్ కంపెనీ సైకిల్ మడిస్తే 58.5, 56.5, 27. కలిపితే 142. పెట్టెకి ఇంకో 16 సెంటీమీటర్లు మిగులుతాయి. 20 అంగుళాల చక్రాలవి మడిచాక సుమారు 80, 65, 35 ఉంటాయి. పెట్టె లేకుండానే 180. తొక్కడానికి అవే హాయి, ఒప్పుకుంటాను. కానీ పెద్ద సామాను కింద ఫీజు పడితే వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కట్టాలి. రెండు సైకిళ్ళయితే నాలుగుసార్లు. కొన్ని ఎయిర్‌లైన్స్ సైకిల్‌ని క్రీడా సామాను కింద మామూలు లగేజీలోనే కలుపుకుంటాయి. కాబట్టి చౌక టికెట్ కనిపించగానే కొనేయకుండా ఆ రూల్ చదివి, ఫీజు కూడా కలుపుకుని టికెట్లు పోల్చండి.

డబ్బు ఎక్కడి నుంచి అన్నదానికి నా జవాబు సూటిగా ఉంటుంది. అత్యవసర నిధి ముట్టుకోవద్దు. ఉద్యోగం పోయిన రోజునో, ఆసుపత్రి మెట్లెక్కిన రోజునో ఆ సైకిల్ అమ్మితే సగమే చేతికొస్తుంది, అదీ కొనేవాడు దొరికాక. విహారానికి ఈఎంఐ కూడా నాకు ఇష్టం లేదు. ఫొటోలు పాతబడిపోయాక కూడా వాయిదాలు కడుతూ ఉంటారు. మే నెలకి ఇంకా 10 నెలలుంది. ఈ నెల నుంచి నెలకి 12 రోజుల అద్దె చొప్పున విడిగా ఓ ఖాతాలో వేస్తే, ఆరు నెలల్లో 72 అవుతుంది, సైకిల్ వచ్చేస్తుంది. మీ అద్దె, మీ ఖర్చులు మిగతా నాలుగు నెలల్లో. ఇలా అయితే జనవరికల్లా ఆయన ఆఫీసుకి తొక్కడం మొదలుపెడతారు. ట్రిప్ నాటికి ఆయనకి సైకిల్ అలవాటు, సైకిల్‌కి ఏదైనా లోపం ఉంటే అదీ బయటపడిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే ఇంకా మేలు, మొదటి యజమాని దగ్గరే ధర చాలావరకు పడిపోయి ఉంటుంది. కాకపోతే ఫ్రేమ్ మధ్య కీలు దగ్గర వేలితో తడిమి చూడండి. అక్కడ పెయింట్ కింద సన్నటి గీతలా పగులు కనిపించినా, క్లాంప్ బిగించాక హ్యాండిల్ ఊపితే టక్‌టక్‌మని ఆడినా, ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

ఒక సైకిల్ ఫోల్డింగ్, ఒకటి మామూలుది అయితే రైళ్ళలో తేడా వస్తుంది, ముందే తెలుసుకోండి. డచ్ రైళ్ళలో మడిచిన సైకిల్ లగేజీ కింద లెక్క, ఏ వేళలోనైనా ఉచితం. మామూలు సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి, పని రోజుల్లో ఉదయం 6:30 నుంచి 9 వరకూ, సాయంత్రం 4 నుంచి 6:30 వరకూ ఎక్కనివ్వరు. జులై, ఆగస్టుల్లో ఈ నిబంధన ఉండదు కానీ మీరు వెళ్ళేది మేలో. రైలు ప్రయాణాలు మధ్యాహ్నానికో, శని ఆదివారాలకో పెట్టుకోండి. అద్దె సైకిల్ సాధారణంగా తీసుకున్న చోటే తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది, కాబట్టి దారి కూడా చుట్టి వచ్చేలా వేసుకోవాలి.

బసకి అక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది, పేరు ఫ్రీండెన్ ఓప్ ద ఫీట్స్. సైకిల్ మీదో, కాలినడకనో వచ్చేవాళ్ళకి మామూలు కుటుంబాలు తమ ఇంట్లో గది ఇస్తాయి. సభ్యత్వం తీసుకుంటే మనిషికి ఇంత అని ఒకే రేటు, ఉదయం టిఫిన్‌తో సహా. 18 రాత్రుల్లో సగమైనా ఇలా గడిపితే, సైకిళ్ళ గురించి మనం వేసిన ఈ లెక్కల కంటే ఎక్కువే మిగులుతుంది. దారి కనుక్కోవడానికి కూడా ఖర్చు లేదు. సైకిల్ దారుల్లో కూడలి కూడలికీ నంబరు బోర్డు ఉంటుంది. ఉదయం ఆ నంబర్లు వరసగా ఒక చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కి అంటించుకుంటే రోజంతా ఫోన్ తీయక్కర్లేదు. ఇక కార్డు మెషీన్ మీ దేశపు డబ్బులో కడతారా, యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. మీ దేశపు డబ్బు నొక్కితే మార్పిడి రేటు వాళ్ళిష్టం, మీకు నష్టం.

చివరిగా, నేను డబ్బు పోగొట్టుకున్న చోటు చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఇలాగే ఫోల్డింగ్ సైకిల్‌తో వెళ్ళాను. విమానం దిగి పెట్టె అందుకున్నాను. బయటికి బాగానే ఉంది, అలసటలో అలాగే బస్సెక్కాను. మర్నాడు తెరిస్తే గేర్లు పట్టుకుని ఉండే చిన్న ఇనుప ముక్క లోపలికి వంగిపోయి, గొలుసు చువ్వలకి రాసుకుంటోంది. రిపేరు చేయించుకుని తిరగడంలో పడి, ఇంటికొచ్చాక పదో రోజున ఎయిర్‌లైన్స్‌కి రాశాను. గడువు దాటిందన్నారు, అది వాళ్ళ తప్పు కాదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం లగేజీ పాడైతే అందుకున్న 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం కూడా ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ మించదు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్. ఆ మొత్తం సైకిల్‌కి, బట్టలకి అన్నిటికీ కలిపే. సైకిల్ విలువ అంతకు మించితే చెక్ ఇన్ దగ్గరే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వీలుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక్కో వస్తువుకి పరిమితి ఎంతో కూడా చూడండి.

బిల్లు, ఫ్రేమ్ నంబరు, మడవక ముందు తీసిన నాలుగు ఫొటోలు ఫోన్లో ఉంచుకోండి. పెట్టె అందగానే బెల్టు పక్కనే తెరవండి. చక్రాలు చేత్తో తిప్పి, కీలు బిగించి, గేరు దగ్గర ఒకసారి వంగి చూడండి. ఏదైనా తేడా ఉంటే ఆ హాల్లోనే కౌంటర్లో రాయించి, కాపీ చేతిలోకి వచ్చాకే బయటికి రండి.