కనోసాలో క్షమాపణ దొరికినా గొడవ ఎందుకు తెగలేదు?

1077లో జర్మనీ రాజు నాలుగో హెన్రీ ఇటలీలోని కనోసా కోట ముందు మూడు రోజులు నిలబడి పోప్ ఏడో గ్రెగరీ క్షమాపణ పొందాక, బిషప్పుల నియామకం గొడవను తీర్చిన వర్మ్స్ ఒప్పందానికి 1122 దాకా ఎందుకు పట్టిందని అడిగారు. మీరు రెండు తగాదాలను కలిపేశారండీ.

కనోసాలో తేలింది వెలి (పోప్ హెన్రీని చర్చి నుంచి బహిష్కరించడం) సంగతే. ఏడాదిలోగా వెలి తొలగకపోతే రాజుగా ఒప్పుకోమని జర్మన్ ప్రభువులు గడువు పెట్టారు. అందుకే హెన్రీ నడి చలికాలంలో ఆల్ప్స్ దాటాడు. (అయినా మార్చిలో ఆ ప్రభువులు తమలో ఒకడైన రుడాల్ఫ్‌ను పోటీ రాజుగా ఎన్నుకోనే ఎన్నుకున్నారు!) బిషప్పులను ఎవరు నియమించాలన్న అసలు పేచీ అలాగే ఉండిపోయింది. 1080లో మళ్లీ వెలి.

రాజు పట్టు వదలకపోవడానికి కారణం భూములు. అప్పట్లో బిషప్పు కింద పొలాలు, సైనికులు ఉండేవారు. పదవి కొడుక్కి పోదు, కాబట్టి ఖాళీ అయినప్పుడల్లా తన మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు.

వర్మ్స్‌లో నాలుగో హెన్రీ కొడుకు, చక్రవర్తి ఐదో హెన్రీ, పోప్ రెండో కలిక్స్టస్ కలిసి బిషప్పుకిచ్చే గుర్తులను విడదీశారు. మత పదవికి గుర్తుగా ఉంగరం, చేతికర్ర ఇచ్చే హక్కు చర్చిది. భూములకు గుర్తుగా రాజదండం ఇచ్చేది చక్రవర్తి. జర్మనీలో బిషప్పు ఎన్నిక ఆయన సమక్షంలోనే, రాజదండం ఇచ్చేది బిషప్పు అభిషేకానికి ముందే. ఇటలీ, బర్గండీల్లో అభిషేకమయ్యాక ఆరు నెలల్లోపు. కాబట్టి జవాబులో ‘పోప్ గెలిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, జర్మనీ దగ్గర తప్పవుతుంది.