హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి లోన్ తీసుకోవాలా? ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: సార్, నా వయసు 26. కూకట్‌పల్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, చేతికి 52 వేలు వస్తుంది. నరసరావుపేటలో ఇంటికి 15 వేలు పంపుతా, హాస్టల్ 9 వేలు, బైక్ ఈఎంఐ 4,200, సిప్ 3 వేలు, మిగతా ఖర్చులు 10 వేల దాకా. సేవింగ్స్‌లో 60 వేలు ఉంది. ముందువైపు జుట్టు బాగా వెనక్కి పోయింది, మా నాన్నకి పూర్తి బట్టతల. స్కిన్ డాక్టర్ ఫినాస్టరైడ్ టాబ్లెట్, మినాక్సిడిల్ లోషన్ రాశారు, నెలకి 1,100 అవుతుంది. ఒక క్లినిక్‌లో మాత్రం మందులు వేస్ట్, 2,500 గ్రాఫ్టులు పెట్టించుకుంటే లైఫ్‌లాంగ్ ప్రాబ్లమ్ ఉండదు అన్నారు. లక్ష ప్లస్ జీఎస్టీ. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందంట, లేదంటే ఒక యాప్‌లో 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ వస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఏది బెటర్?

జవాబు: బ్రదర్, రెండూ వద్దు. సర్జరీ చేయించుకోవద్దు అనట్లేదు, అది మీ ఇష్టం. జుట్టు పోతుంటే 26 ఏళ్ల కుర్రాడికి ఎంత దిగులుగా ఉంటుందో నాకు వచ్చే మెయిల్స్ చూస్తేనే తెలుస్తుంది, అందుకే దీన్ని షోకు ఖర్చు అని కొట్టిపారేయను. కానీ మీరు జీఎస్టీతో కలిపి లక్షా పద్దెనిమిది వేల గురించి అడిగారు, అసలు ఖర్చు అది కాదు, నెలకి 1,100 అని మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు చూడండి, అదీ అసలు ఖర్చు.

ఎందుకో చెప్తాను. ట్రాన్స్‌ప్లాంట్‌లో వెనక తల నుంచి కుదుళ్లు తీసి ముందు నాటుతారు, ఆ కుదుళ్లనే గ్రాఫ్టులు అంటారు. ఆ వెనక భాగం జుట్టుకి డీహెచ్‌టీ అనే హార్మోన్ దెబ్బ అంతగా తగలదు, ముందు నాటినా ఆ గుణం పోదు, అందుకే నిలబడుతుంది. అంతవరకు క్లినిక్ వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఇప్పుడు మీ నెత్తిమీద ఉన్న మిగతా జుట్టు సంగతేంటి? దాన్ని సర్జరీ ఏమీ చేయదు, అది రాలే దారిలో అది రాలుతూనే ఉంటుంది. మీకు 26, నాన్నగారికి పూర్తి బట్టతల అంటున్నారు, మందు లేకుండా నాటించుకుంటే ఐదారేళ్లకి ముందు నాటిన వరస అలాగే ఉండి దాని వెనక ఖాళీ అవ్వొచ్చు. అప్పుడు రెండో సర్జరీ, ఇంకో లక్ష పైన. పైగా వెనక తలలో తీయగలిగిన కుదుళ్లకి ఒక లిమిట్ ఉంటుంది, తీసిన చోట మళ్లీ మొలవవు కాబట్టి డబ్బున్నా కొన్నిసార్లు పని జరగదు. అందుకే చాలామంది డాక్టర్లు మందుతో ఉన్నది కాపాడుకుని, పోయిన చోట మాత్రం సర్జరీతో నింపుతారు. మందులు వేస్ట్ అని చెప్పి సర్జరీ అమ్మే క్లినిక్‌ని నేనైతే నమ్మను.

ఫినాస్టరైడ్ 1 ఎంజీకి 1997లోనే అమెరికాలో మగవాళ్ల బట్టతలకి అనుమతి వచ్చింది, మినాక్సిడిల్ లోషన్‌కి 1988లో. కొత్త ప్రయోగాలేం కావు. కాకపోతే రెండూ వాడినన్నాళ్లే పనిచేస్తాయి, ఆపేస్తే ఏడాది లోపు ఆ లాభం పోతుంది. అంటే ఇది ఎప్పటికీ ఉండే నెలవారీ బిల్లు. 1,100 అంటే ఏడాదికి 13,200. ఇరవై ఏళ్లకి, ధర అస్సలు పెరగదు అనుకున్నా 2,64,000. ఏటా 6 శాతం పెరిగితే దాదాపు 4 లక్షల 85 వేలు. సర్జరీ బిల్లుకి నాలుగు రెట్లు. దీన్ని కరెంటు బిల్లు, ఫోన్ రీఛార్జి పక్కన రాసుకోవాలి, ఆ 1,100 ప్రతి నెలా మోయగలను అనిపిస్తేనే సర్జరీ గురించి ఆలోచించాలి.

ఇప్పుడు మీ లెక్క. 52 వేల జీతంలో 41,200 ఖర్చులు పోగా మిగిలేది 10,800. మందులు పోతే 9,700. క్లినిక్ ఈఎంఐ 1,18,000 బై 12, అంటే 9,833. మొదటి నెల నుంచే తక్కువ పడుతుంది బ్రదర్! ఇంకా ఆ నో కాస్ట్ అనేది కూడా ఒకసారి చూడండి, మీరు పంపిన కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో ఒకేసారి కడితే లక్షకి 8 వేలు తగ్గింపు అని ఉంది. 8 వేలు, దానిమీద జీఎస్టీ 1,440, మొత్తం 9,440. ఈఎంఐ పెట్టుకుంటే అది వదులుకుంటున్నారు, అదే వడ్డీ, పేరు మార్చారంతే. యాప్ లోన్ అయితే నెలకి 4,033 చొప్పున మూడేళ్లు, వడ్డీకే 27 వేలు పోతాయి, అది మీ మందులకి రెండేళ్ల డబ్బు. ఇక ఆ 60 వేలు ముట్టుకోవద్దు, మీ ఖర్చులకి అది నెలన్నరే వస్తుంది, పైగా అమ్మానాన్నలు మీమీద ఆధారపడి ఉన్నారు.

నేను చెప్పేది ఇది. ఈ నెల నుంచి మందులు మొదలుపెట్టి, జీతం పడిన రెండో రోజు 6,500 కట్ అయ్యేలా 18 నెలల ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే చివర్లో సుమారు 1,23,000 చేతికి వస్తుంది. ఒకేసారి కట్టే రేటుకి సర్జరీ 92 వేలు ప్లస్ జీఎస్టీ, 1,08,560. పోగా మిగిలిన 14 వేలు ఆ తర్వాత ఏడాది మందులకి సరిపోతాయి. నెలకి ఇంకో 3,200 చేతిలో ఉంటుంది, దాంట్లో ఎంతో కొంత ఎమర్జెన్సీ ఫండ్‌లో కలపండి.

18 నెలలు ఆగాలా అనుకుంటున్నారేమో, ఆ టైం వృథా కాదు. ఈ మందుల ఫలితం తెలియడానికే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మినాక్సిడిల్‌తో మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు, కంగారుపడి ఆపకండి, డాక్టర్‌ని అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, టాబ్లెట్ మీకు పడుతుందో లేదో ఈలోపే తేలిపోతుంది. కొద్దిమందికి కోరికలు తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు, డిప్రెషన్ వస్తాయి, 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఆత్మహత్య ఆలోచనలని కూడా దీని సైడ్ ఎఫెక్ట్‌గా నిర్ధారించింది. మనసు బాగోలేదనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. సర్జరీకి లక్ష కట్టేశాక టాబ్లెట్ పడలేదని తెలిస్తే ఆ లక్ష రిస్క్‌లో పడుతుంది, ముందే తెలిస్తే ప్లాన్ మార్చుకోవచ్చు.

మందుల్లో దుబారా ఎక్కడ జరుగుతుందంటే, మినాక్సిడిల్ సీసా 60 ఎంఎల్, డ్రాపర్‌తో పూటకి 1 ఎంఎల్ చొప్పున రోజుకి రెండుసార్లు వాడితే సరిగ్గా 30 రోజులు. ఎక్కువ పోస్తే ఎక్కువ మొలుస్తుందని పోసేవాళ్లకి ఇరవై రోజులకే సీసా అయిపోతుంది, లాభం మాత్రం పెరగదు. టాబ్లెట్ విషయంలో తక్కువ ధర కంపెనీది రాయమని డాక్టర్‌నే అడగండి. 5 ఎంజీ కొని ముక్కలు చేసుకునేవాళ్లున్నారు, చవకే, కానీ ఆ పొడి గర్భిణులకి తగలకూడదు, కడుపులో మగబిడ్డకి ప్రమాదం, కాబట్టి సొంతంగా ఆ పని చేయకండి. ఎప్పుడైనా రక్తదానం చేసే అలవాటుంటే ఈ టాబ్లెట్ వాడుతున్నంతకాలం, ఆపాక ఒక నెల వరకూ చేయకూడదు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మీ కంపెనీ పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్స్ (పాలసీ కవర్ చేయనివి) దగ్గర కాస్మెటిక్ సర్జరీ అని కోడ్ 08 కింద ఉంటుంది, ఇది అందులోకే వస్తుంది. మామూలు వైద్యానికి జీఎస్టీ ఉండదు గానీ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌ని ఆ మినహాయింపు నుంచి పేరు పెట్టి మరీ తీసేశారు, అందుకే 18 శాతం. క్లినిక్ వాళ్లు క్యాష్ ఇస్తే జీఎస్టీ ఉండదు అంటే ఒప్పుకోవద్దు, బిల్లు లేకపోతే రేపు ఏదైనా తేడా వస్తే కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

18 నెలల తర్వాత క్లినిక్‌లు తిరిగేటప్పుడు రేటు గ్రాఫ్ట్‌కా వెంట్రుకకా అని తప్పకుండా అడగండి. ఒక్కో గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి, 5,000 వెంట్రుకలు అని బోర్డు పెట్టినవాడు ఇచ్చేది 2,500 గ్రాఫ్టులే అవ్వొచ్చు. పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసిన ప్లాస్మాని తలలో ఇంజెక్ట్ చేయడం) సిట్టింగ్‌లు, షాంపూలు కలిపి ప్యాకేజీ అంటే విడివిడిగా రేట్లు రాసిమ్మనండి. కత్తి పట్టేది ఎవరో పేరు, డిగ్రీ రాయించుకోండి, ఈ సర్జరీ ఎవరు చేయొచ్చో 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ గైడ్‌లైన్స్ ఇచ్చింది, డెర్మటాలజీ లేదా ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్లు ఉండాలి. రేటు మరీ తక్కువ చెప్పేచోట చాలాసార్లు టెక్నీషియనే అంతా చేస్తాడు.

పెళ్లి గురించి రాశారు కాబట్టి, ముహూర్తానికి రెండు మూడు నెలల ముందు మాత్రం చేయించుకోకండి. నాటిన జుట్టు మొదటి వారాల్లో రాలిపోతుంది, మూడు నాలుగు నెలలకి మళ్లీ మొదలవుతుంది, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. సంబంధం త్వరగా కుదిరితే ఆర్‌డీ డబ్బు పెళ్లి ఖర్చుకి వాడేసుకోండి, మందులు మాత్రం ఆపకండి, సర్జరీ తర్వాతైనా చేయించుకోవచ్చు. ఈరోజే మంచి వెలుతురులో ముందు నుంచి, పైనుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఏడాదికి అవే కోణాల్లో మళ్లీ తీసి డాక్టర్‌కి చూపించి ఎన్ని గ్రాఫ్టులు కావాలో అప్పుడు అడగండి, మందు బాగా పనిచేస్తే 2,500 అవసరం పడకపోవచ్చు, ఆ మేరకు బిల్లూ తగ్గుతుంది.