బాండ్ ఉంది, ఒరిజినల్స్ వాళ్ల దగ్గరున్నాయి: యాడ్ ఏజెన్సీ మానేయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో తొమ్మిది నెలలుగా జూనియర్ కాపీరైటర్‌ని. జీతం 22 వేలు. వారానికి ఆరు రోజులు, పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి పదిదాకా ఆఫీసులోనే. ఓవర్‌టైమ్ అడిగితే ‘క్రియేటివ్ ఫీల్డ్‌లో గంటలు లెక్కపెట్టకూడదు’ అంటారు. చేరేటప్పుడు రెండేళ్ల బాండ్ రాయించుకుని డిగ్రీ ఒరిజినల్స్ తీసుకున్నారు. మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలట. వేరేచోట ఉద్యోగం వచ్చింది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయమంతా బాండ్ గురించే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. రెండేళ్లూ అక్కడే పనిచెయ్యమని ఏ కోర్టూ మిమ్మల్ని ఆదేశించదు. ఇక డబ్బు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో రాసిన లక్షన్నర గరిష్ఠ పరిమితి. ఆ లోపు సబబైన పరిహారమే ఇప్పిస్తారు. మీకేం ట్రైనింగ్ ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. సీనియర్ పక్కన కూచోబెట్టి పని చేయించుకోవడాన్ని ట్రైనింగ్ ఖర్చుగా చూపించడం కష్టం. అలాగని బాండ్లేవీ చెల్లవని ఎవరైనా చెబితే నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల బాండ్‌ను సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది ప్రభుత్వరంగ బ్యాంకు, ఒక ఆఫీసరు వెళ్లిపోతే మళ్లీ నోటిఫికేషన్ వేసి నియామకం మొదటి నుంచీ జరపాలి. మీ ఏజెన్సీ ఆ స్థాయి నష్టం చూపించగలదా అన్నదే వాదన.

గంటల సంగతి. ‘క్రియేటివ్ ఫీల్డ్’ అన్న మినహాయింపు తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంలో నాకు కనిపించలేదు. వారానికి 48 గంటలే. 2025 జూలైలో ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజు పరిమితిని 10 గంటలకు పెంచింది గానీ ఈ 48ని కదపలేదు. ఆపైన చేసిన పనికి రెట్టింపు జీతం. భోజనానికి గంట తీసేసినా మీది వారానికి 69 గంటలు, అంటే 21 అదనం. 22 వేలను 26 రోజులకు, 8 గంటలకు పంచితే గంటకు 106, రెట్టింపు 212. వారానికి సుమారు 4,450! నెలకు లెక్కేస్తే ఇంకో జీతానికి కాస్త తక్కువ. రేపు మీ కార్డు మీద ‘మేనేజర్’ అని వేసిస్తే సంబరపడకండి. యాజమాన్య హోదాలో ఉండి సంస్థ వ్యవహారాలు నడిపేవాళ్లకు ఈ చట్టంలో మినహాయింపు ఉంది. ఆ సాకు కోసమే హోదాలు పంచే ఆఫీసులను చూశాను.

పంచింగ్ రికార్డు వాళ్ల దగ్గరుంటుంది, మీ దగ్గరుండేది వాట్సాప్. రాత్రి 11.40కి ‘ఇంకో మూడు హెడ్‌లైన్లు పంపు, క్లయింట్ వెయిటింగ్’ అని గ్రూప్‌లో వచ్చిన మెసేజే మీ హాజరు పట్టీ. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ ఫోన్ అమ్మకండి. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఆ చాట్ ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచెయ్యాలి. రాజీనామా ఇచ్చిన సాయంత్రమే గ్రూప్‌లోంచి తీసేస్తారు కాబట్టి ఈ పని ముందే కానివ్వండి.

ఒరిజినల్స్ అట్టిపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఏ తేదీన ఏవేవి ఇచ్చారో రాసి, వారంలోగా తిరిగివ్వమని మెయిల్ పెట్టండి. ‘బాండ్ అయ్యాక ఇస్తాం’ అని జవాబొస్తే మరీ మంచిది, చేతికి కాగితం దొరికినట్టే. తర్వాత లాయర్ నోటీసు, అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు. ‘ఇది సివిల్ మ్యాటరమ్మా’ అని స్టేషన్‌లో తిప్పిపంపడం మామూలే. నోటీసు కాపీ చూపించి ఫిర్యాదుకు రసీదు అడగండి.

చెప్పాపెట్టకుండా మాత్రం మానేయకండి. నియామక పత్రంలో ఉన్న నోటీసు గడువు పాటించి మెయిల్‌లో రాజీనామా ఇవ్వండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల బకాయి జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి, క్లెయిముకు మూడేళ్ల గడువుంది.

మీరు అడగలేదు గానీ, ఉద్యోగంలో భాగంగా మీరు రాసిన కాపీకి, అంటే యాడ్ రాతకి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ ఏజెన్సీదే. కొత్తచోట చూపించడానికి బయటికొచ్చిన యాడ్స్ చాలు. విడుదల కాని క్యాంపెయిన్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయటికి రాకండి.