ముషీరాబాద్ మార్కెట్టుకు వెళ్లే ముందు

చిట్టితల్లికి, పెద్దనాన్న దీవెనలు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చేపల తిండి, ఒంటి తీరు ఎంచుకున్నావని అమ్మ చెప్పింది. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోకు. పొద్దున్నే ముషీరాబాద్ చేపల మార్కెట్టుకు వెళ్లు. మృగశిర కార్తె రోజు మాత్రం వద్దు. ఆ తోపులాటలో చేపను కొనగలవేమో గానీ చూడలేవు.

బొచ్చె, రవ్వ, మృగాల ఒక్కోటి కొని పక్కపక్కన పెట్టు. బొచ్చెకు తల పెద్దది, కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది. నీటి పైభాగంలో తేలే సన్నజీవులు దాని తిండి. మొప్ప ఎత్తి చూడు, లోపల దువ్వెన పళ్లలా సన్నటి ముళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. దాని జల్లెడ అదే. మృగాల నోరు కిందికి తిరిగి ఉంటుంది, అడుగు బురదలో వెతుక్కుంటుంది కాబట్టి. రవ్వ వీటి మధ్యది. వేటాడి మాంసం తినే కొర్రమీను కడుపు కోస్తే పేగు పొట్టిగా ఉంటుంది. ఎక్కువగా మొక్కల తిండి తినే రవ్వ పేగు లాగేకొద్దీ వస్తూనే ఉంటుంది, ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు.

చాలామంది బోల్తా పడేది ఆ తర్వాతే. బొచ్చె, రవ్వ, మృగాల మూడూ కార్పు కుటుంబం చేపలే, వీటికి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. అలాగని తిండే ఒంటిని అలా మలిచిందనడానికి మూడు సాక్ష్యాలు దొరికాయనుకోకు. ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఒకే ముక్కు ఉంటే అది అమ్మమ్మ ముక్కే కదా! ఈ బంధుత్వపు లెక్కను సరిచేసే పద్ధతిని జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ అనే జీవశాస్త్రవేత్త 1985లోనే చెప్పాడు. గైడ్ అడగకపోయినా నేర్చుకో. కొర్రమీను, వాలుగ దూరపు కుటుంబాలవి. రెంటికీ వేటాడే వెడల్పు నోరుంది, అలాంటి జతలే నీకు పనికొస్తాయి. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో తోటి చేపల పొలుసులు కొరికి తినే చేప ఒకటుంది. దాని నోరు కొన్నింటిలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగి ఉంటుంది. నాకిప్పటికీ వింతే.

మార్కెట్ చేపలు ఎక్కువగా చెరువుల్లో తవుడు, నూనెగింజల చెక్క తిని పెరిగినవి. తిండి మారితే ఒకే జాతిలోనూ ఒళ్లు కొంత మారొచ్చు. అందుకే ప్రతి చేప ఎక్కడిదో అమ్మేవాళ్లను అడిగి రాసుకో. చిన్నవాటినీ పెద్దవాటినీ ఒకే గాటన కట్టకు, ఎదుగుతుంటే కొలతలు మారతాయి.

నా కుర్రతనంలో, కుళ్లిపోకుండా ఉంచే ఫార్మాలిన్‌ ద్రవంలో వంకరగా బిగుసుకున్న చేపల్ని కొలిచి, ఆ వంపునే జాతి లక్షణమని రాసేశాను. మూడు నెలల పని పోయింది. నువ్వు తాజా చేపనే తీసుకో. థర్మకోల్ మీద వంపు లేకుండా తిన్నగా పడుకోబెట్టి, రెక్కలు గుండుసూదులతో విప్పి, నోరు మూసి, పక్కన స్కేలు పెట్టి ఎడమవైపు నుంచే ఫొటో తియ్యి.

కొలిచాక ఆ కొర్రమీను మాత్రం పారెయ్యకు. ఆదివారం మన ఇంటికి తీసుకురా, పులుసు మీ పెద్దమ్మ పెడుతుంది.