హిందీ రాని పిల్లలు ‘గూపీ గవైయా బాఘా బజైయా’ చూస్తూ కూర్చుంటారా?

జానపద కథల బాణీలో వచ్చిన ఈ యానిమేషన్ చిత్రాన్ని హిందీ అంతగా తెలియని ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు చూపిస్తే ఆసక్తిగా చూస్తారా అని మీరు అడిగారు. చూస్తారు, అయితే పక్కన కథ చెప్పేవారు ఒకరు ఉండాలి. విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పే నేను మా పిల్లలకు దీనిని చూపించాను కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

మూలకథను ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1915లో బెంగాలీలో రాశారు. ఆ లెక్కన ఇది అచ్చంగా జానపద కథ కాదు, ఆ ధోరణిలో ఒక రచయిత అల్లిన కథ. ఆయన మనవడు సత్యజిత్ రాయ్ 1969లో దీనినే నటీనటులతో సినిమాగా తీశారు. శిల్పా రానడే దర్శకత్వం వహించిన ఈ యానిమేషన్ చిత్రం 2013లో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శితమైనా, మన థియేటర్లకు 2019లో గానీ రాలేదు.

టీవీలో నున్నగా మెరిసే త్రీడీ బొమ్మలకు అలవాటుపడిన పిల్లలు ఈ పలుచని, పక్కకు తిరిగి నడిచే బొమ్మలను చూసి మొహం చిట్లిస్తారేమోనని నాకూ అనుమానం ఉండేది. కానీ ఆ బొమ్మలు తోలుబొమ్మలాటను తలపించేలా ఉండటమే ఇక్కడ కలిసివచ్చింది. బాఘా డోలు వాయిస్తూ రాగానే, తాతగారు తప్పెటగుళ్ల దళంలో ఆడే ఒక పిల్లవాడు లేచి నిలబడి, “మా తాత గుండెకి కట్టుకుంతాడు, ఈడేటి ఇలా యేలాడదీసినాడు?” అని అందరికీ వినబడేలా అడిగాడు. ఆ తరువాత వాయిద్యం మోగినప్పుడల్లా బల్లల మీద దరువు పడుతూనే ఉంది, నేనూ ఆపమనలేదు.

భాష విషయానికి వస్తే, సంభాషణలను వాక్యం వాక్యంగా తెలుగు చేయాలని ప్రయత్నించకండి. గొంతు బాగుండని గూపీ, తాళం కుదరని బాఘా ఊళ్ల నుంచి వెళ్లగొట్టబడి అడవిలో కలుసుకోవడం, వాళ్ల సంగీతానికి దయ్యాలు మురిసిపోయి వరాలివ్వడం, ఆ వరాలతో వారు రెండు రాజ్యాల మధ్య యుద్ధాన్ని ఆపడం, ఇంతవరకు ముందే చెప్పేస్తే చాలు. ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథలు చెప్పిన జిల్లాలో ఉన్నాం కాబట్టి, నేను అక్కడక్కడ సినిమా ఆపి ఆ పద్ధతిలోనే రెండు మాటలు కథ అందుకుని, పాటలను మాత్రం ఎక్కడా తుంచకుండా వదిలేశాను. పాటలకు నా వివరణ అవసరమే పడలేదు.

రాజుల కొలువులు, మంత్రుల ఎత్తులు నడిచే భాగం కొంత సాగుతుందన్నది నా అభిప్రాయం. చిన్నవాళ్లు కదలడం మొదలుపెట్టేది అక్కడే కాబట్టి, మంచినీళ్ల విరామం ఇవ్వదలచుకుంటే ఆ ఘట్టానికి ముందే ఇవ్వండి. దయ్యాలకు మాత్రం మా వాళ్లెవరూ జడవలేదు, పైగా నవ్వారు. తెర చిన్నదైనా ఫరవాలేదు గానీ మంచి స్పీకర్ తప్పక తెచ్చుకోండి, లేకపోతే సగం సినిమా పోయినట్లే.